గులకరాళ్ళ ఘోష

సముద్రం ఘోషిస్తుందనే మాట మనకేం కొత్త కాదు. ‘సాగరఘోష’ అన్న సమాసం వాడని కవీ, దాన్ని ఉపన్యాసంలో దొర్లించని వక్తా మన భాషలో అరుదు. అయితే ఆ ఘోష నిజంగా సముద్రానిదేనా, లేక సముద్రాన్ని ఆపే ఒడ్డుదా అన్న ప్రశ్న మాత్రం మనకు సాధారణంగా తట్టదు. తట్టకపోవడానికి కారణం ఉంది. విశాఖపట్నంలోనో, చీరాల దగ్గర వాడరేవులోనో మనం చూసేది ఇసక ఒడ్డు. అక్కడ అల లేస్తుంది, విరుగుతుంది, భోరుమంటుంది, నురగ కక్కుతుంది, ఆ తర్వాత ఇసకలోకి ఇంకుతూ వెనక్కి జారిపోతుంది. దాని ఆర్భాటమంతా వచ్చేటప్పుడే. వెళ్ళేటప్పుడు పిల్లిలా వెళుతుంది. అంచేత చప్పుడంతా నీటిదేనని మనం తీర్మానించుకున్నాం.

ఇసక బదులు గులకరాళ్ళు పరుచుకున్న ఒడ్డున నిలబడితే ఈ తీర్మానం కాస్తా తలకిందులవుతుంది. అక్కడ అల రావడం ఒక చప్పుడు, పోవడం ఇంకో చప్పుడు. పైగా మనిషిని నిలబెట్టి వినిపించేది ఆ రెండోదే.

మన ఇంగ్లీషు మేష్టార్లు తరతరాలుగా చెప్పుకొస్తున్న మాథ్యూ ఆర్నాల్డ్ పద్యం ‘డోవర్ బీచ్’ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1867లో అచ్చయిన ఆ పద్యంలో, అలలు గులకరాళ్ళను వెనక్కి లాక్కుపోయి మళ్ళీ ఒడ్డుమీదికి విసిరే చప్పుడు ఉంది. కవికి ఆ చప్పుడులో మానవుడి దుఃఖం వినిపించింది. విశ్వాసమనే సముద్రం లోకం ఒడ్డునుంచి తగ్గిపోతున్నట్టు తోచింది. ఇసక ఒడ్డు తప్ప ఎరగని మన కుర్రకారు ఆ పంక్తులకు నోట్సు రాసుకుంటారు, పరీక్షలో అప్పజెబుతారు, మార్కులు తెచ్చుకుంటారు. కాని వెనక్కి పోయే అలకు అంత గొంతు ఎక్కణ్ణించి వచ్చిందన్న సంగతి పాఠంలో రాదు.

ఆ గొంతు సంగతి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను దాన్ని విన్నది డోవర్‌లో కాదు. అదే ఇంగ్లీషు ఛానెల్ ఒడ్డున, డోవర్‌కు బాగా పడమటగా, డార్సెట్ అనే ప్రాంతంలో ఉన్న చెసిల్ బీచ్‌లో.

పద్దెనిమిది మైళ్ళ రాళ్ళకట్ట

‘చెసిల్’ అన్న పేరు ప్రాచీన ఇంగ్లీషులో గులకరాళ్ళను చెప్పే మాటనుంచి వచ్చింది. ఆ మాటకొస్తే ‘బీచ్’ అన్న మాటకు కూడా 16వ శతాబ్దంలో తొలి అర్థం అలలకు అరిగిన రాళ్ళనే. ఒడ్డు అన్న అర్థం తర్వాత వచ్చింది. అంటే చెసిల్ బీచ్ అనడం ఒకరకంగా ‘గులకరాళ్ళ గులకరాళ్ళు’ అనడమే! పేరుకు తగ్గట్టు అక్కడ మరేమీ లేదు. వెస్ట్ బే అనే చిన్న రేవునుంచి పోర్ట్‌లాండ్ దీవి దాకా సుమారు 18 మైళ్ళు, అంటే 29 కిలోమీటర్ల పొడుగునా ఎవరో బారు కట్టి పోసినట్టు రాళ్ళ కట్ట. కొన్నిచోట్ల దాని వెడల్పు 200 మీటర్లకు చేరుతుంది. పోర్ట్‌లాండ్ కొసన దాని ఎత్తు సుమారు 15 మీటర్లు. అంటే నాలుగంతస్తుల మేడ ఎత్తు అన్నమాట.

ఈ కట్టకు వెనక, ఆబట్స్‌బరీ అనే ఊరినుంచి పోర్ట్‌లాండ్ దాకా సుమారు 13 కిలోమీటర్లు, ఫ్లీట్ అనే ఉప్పుకయ్య ఉంది. మన పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట ఎట్లా అడ్డం పడుకుని ఉందో, ఫ్లీట్‌కూ సముద్రానికీ మధ్య చెసిల్ కట్ట అట్లా అడ్డంగా ఉంది. తేడా ఏమిటంటే శ్రీహరికోటది ఇసక, చెసిల్‌ది రాయి. ఈ తీరాన్నంతటినీ కలుపుకుని 2001లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు.

నాతోపాటు వచ్చినవాడు మా మేనల్లుడు. సౌతాంప్టన్‌లో చదువుకుంటున్నాడు. అక్కణ్ణించి రైల్లో వేమత్, వేమత్‌నుంచి బస్సులో ఫెర్రీబ్రిడ్జ్. బస్సు దిగి చెక్కల దారి దాటి కట్ట ఎక్కుతుంటే అడుగు తీసి అడుగు వెయ్యడం కష్టమైంది. కాలు చీలమండదాకా రాళ్ళలోకి దిగబడుతుంది. రెండడుగులు ముందుకు వేస్తే ఒకడుగు వెనక్కి జారుతుంది. “మావయ్యా, సముద్రం చూడాలంటే మనకి వైజాగు లేదా? రాళ్ళ కోసం ఇంత దూరం ఎవరైనా వస్తారా?” అని మావాడు ఆయాసపడుతూనే హాస్యమాడాడు. కాళ్ళకింద రాళ్ళు చేసే కరకర ఎంతగా ఉందంటే, పక్కనున్న సముద్రం వినపడటంలేదు. “ఒరే అబ్బాయ్, ఒక్క నిమిషం కదలకుండా నిలబడు” అన్నాను. ఇద్దరం ఆగాం.

చెసిల్‌ను వినడానికి పద్ధతి అదొక్కటే. నడవడం మానాలి.

వచ్చే చప్పుడు, పోయే చప్పుడు

పది పన్నెండు సెకన్లకొక అల వస్తోంది. వచ్చి ఒడ్డున విరగ్గానే పెద్ద మోత. ఇది మనకు తెలిసిన మోతే. తర్వాత ఒక్క క్షణం నిశ్శబ్దం. అప్పుడు మొదలవుతుంది రెండో చప్పుడు. మొదట అంచున నాలుగు రాళ్ళు టకటకమంటాయి. వెంటనే వందలు, వేలు, లక్షలు. కట్ట వాలు మొత్తం కదిలి కిందికి దొర్లుతున్నట్టు ఒక దీర్ఘమైన గరగర. కంచుతప్పేలాలో శనగలు పోసి గిరగిరా తిప్పినట్టూ ఉంటుంది, వెయ్యిమంది ఆడవాళ్ళు ఒక్కసారి చేటల్లో కందులు చెరుగుతున్నట్టూ ఉంటుంది. అది ఇంకా పూర్తికాకముందే తర్వాతి అల వచ్చి దానిమీద పడుతుంది.

ముందు వచ్చే చప్పుడు సంగతి చూద్దాం. నీరు నీటిమీద పడితే అంత మోత ఎందుకు వస్తుంది? నీటిలో చిక్కుకున్న గాలివల్ల. అల విరిగేటప్పుడు లెక్కలేనన్ని గాలిబుడగలు నీళ్ళలో ఇరుక్కుంటాయి. ప్రతి బుడగా ఒక చిన్న స్ప్రింగులాగా ముడుచుకుంటూ, సాగుతూ కంపిస్తుంది. హాలండులోని ఉట్రెక్ట్‌లో పనిచేసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు మార్సెల్ మిన్నార్ట్ 1933లో దీనికి లెక్క కట్టాడు. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధమున్న బుడగ సెకనుకు సుమారు 3,260 సార్లు కంపిస్తుంది. బుడగ రెట్టింపైతే ఆ సంఖ్య సగమవుతుంది. చిన్నా పెద్దా బుడగలన్నీ ఒకేసారి మోగితే వచ్చేదే అల భోరు. బిందెలో నీళ్ళు పోస్తుంటే వినపడే గుడగుడలో కూడా ఇట్లాంటి బుడగల పాత్ర ఉంది.

ఇహ పోయే చప్పుడు. ఇది బుడగలది కాదు, రాళ్ళది. కట్ట వాలు ఎక్కువ గనక, వెనక్కి జారే నీరు పైపొరలోని రాళ్ళను తనతో ఈడ్చుకుపోతుంది. రాయి రాయికి తగులుతూ దొర్లుతుంది. మరి రాయి గంటలా మోగుతోందా? లేదు. కోడిగుడ్డంత రాయి తనంతట తాను కంపించే స్థాయి మన చెవికి అందనంత పైన ఉంటుంది. మనకు వినపడేది వేరు. రెండు రాళ్ళు ఢీకొన్న క్షణంలో వాటి వేగం హఠాత్తుగా మారుతుంది. ఆ కుదుపు చుట్టూ ఉన్న గాలికో, నీటికో తగిలి టక్కుమంటుంది. గోళీలాటలో గోళీకి గోళీ తగిలినప్పుడు వచ్చేది అచ్చం ఇదే. చెసిల్‌లో ఒక్కొక్క అల వెనక్కి పోతున్నప్పుడల్లా ఇట్లాంటి టక్కులు లక్షల్లో కలిసిపోయి ఒకే ధారగా వినిపిస్తాయి.

ఇసక ఎందుకు ఇట్లా మోగదు? అరమిల్లీమీటరు ఇసక రేణువుకూ, 5 సెంటీమీటర్ల గులకరాయికీ అడ్డుకొలతలో తేడా 100 రెట్లు. కాని బరువులో తేడా వందను మూడుసార్లు గుణిస్తే వచ్చేది, అంటే 10 లక్షల రెట్లు! రేణువు రేణువుకు తగిలినా ఆ తాకిడిలో పస లేదు. ఉన్న కాస్త పసనూ మధ్యనున్న నీటిపొర మింగేస్తుంది. అందుకే మన ఒడ్డున అల పిల్లిలా వెళ్ళిపోతుంది.

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. రాయి పెద్దదైన కొద్దీ టక్కు స్థాయి దిగుతుంది, చిన్నదైన కొద్దీ పైకెక్కుతుంది. కొండనదుల అడుగున కంటికి కనపడకుండా దొర్లుకుపోయే రాళ్ళను నీటిలో మైక్రోఫోను దించి చెవితో పసిగట్టే పద్ధతిని ఇంజనీర్లు వాడుతున్నారంటే, దానికి ఆధారం ఈ టక్కులే. చెసిల్ విషయానికొస్తే, ఈ సూత్రంవల్ల ఆ ఒడ్డు ఒక చివరినుంచి ఇంకో చివరికి తన గొంతు మార్చుకుంటూ పోతుంది. అదెట్లాగో చెబుతాను.

సముద్రం చేతిలో చేట

వెస్ట్ బే కొసన రాళ్ళు బఠాణీగింజలంత ఉంటాయి. ఆబట్స్‌బరీ దగ్గరికి వచ్చేసరికి రేగుపళ్ళంత. పోర్ట్‌లాండ్ దగ్గర కోడిగుడ్లంత, ఇంకా పెద్దవీ. 29 కిలోమీటర్ల పొడుగునా ఎవరో కూర్చుని ఏరి, సైజువారీగా పేర్చినట్టు ఈ క్రమం సాగుతుంది. చీకట్లో పడవలు దిగే జాలర్లూ, పూర్వం దొంగసరుకు దించేవాళ్ళూ చేతికందిన రాయిని తడిమి, తాము ఏ ఊరి దగ్గర ఒడ్డుకు చేరారో చెప్పేవారని అక్కడ తరతరాలుగా అనుకుంటారు. మర్నాడు మేము బస్సులో వెస్ట్ బే వెళ్ళి విన్నాం. అక్కడ వెనక్కి పోయే అల గరగరలాడదు. వేడి పెనంమీద నీళ్ళు చిలకరించినట్టు సుయ్‌మంటుంది. మావాడు తన ఫోనులో రెండుచోట్లా రికార్డు చేసుకుని, రెండూ పక్కపక్కన పెట్టి వినిపించాడు. ఒకటి గరగర, ఒకటి సరసర. కళ్ళు మూసుకున్నా ఏది ఏ ఊరిదో తెలిసిపోతుంది.

ఈ ఏరివేత ఎవరు చేశారు? మన ఇళ్ళలో చేటతో నేమడం చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నేమేటప్పుడు చేటను ఒకే వూపు ఊపరు. ఒకవైపు గట్టిగా, ఇంకోవైపు మెల్లగా. ఆ తేడావల్లే బరువైనదీ తేలికైనదీ విడిపోతాయి. చెసిల్ దగ్గర జరిగేదీ ఇంచుమించు ఇదేనని ఈ విషయం పరిశీలించినవారు ఎక్కువగా చెప్పే వివరణ. నైరుతినుంచి అట్లాంటిక్ మహాసముద్రపు పెద్ద అలలు వస్తాయి. అవి చిన్నా పెద్దా రాళ్ళన్నిటినీ పోర్ట్‌లాండ్ వైపు నెడతాయి. గాలి మళ్ళినప్పుడు ఆగ్నేయంనుంచి చిన్న అలలు వస్తాయి. వాటికి పెద్దరాయిని కదిలించే సత్తువ ఉండదు. చిన్నరాళ్ళను మాత్రం పడమటికి మళ్ళిస్తాయి. వేల ఏళ్ళపాటు ఈ చేట ఇట్లా ఆడితే పెద్దవి తూర్పు కొసన, చిన్నవి పడమటి కొసన మిగులుతాయి.

అంటే మనం వినే చప్పుడు ఊరికే వచ్చే చప్పుడు కాదు, పని చప్పుడు. చేట చప్పుడు వినపడుతోందంటే లోపల ధాన్యం ఏరబడుతోందని అర్థం. రాళ్ళ చప్పుడు వినపడుతోందంటే సముద్రం ఆ కట్టను సర్దుతోందని అర్థం.

పాట కాదు, కాపలా

ఆ పని సర్దడంతోనే ఆగదు. పోర్ట్‌లాండ్ కొసన కట్టకు అవతల చిజ్‌వెల్ అనే చిన్న ఊరుంది. కట్టమీద నిలబడితే ఒకవైపు సముద్రం, రెండోవైపు కాళ్ళకింద ఇళ్ళ కప్పులు. ఆ ఇళ్ళకూ అట్లాంటిక్ అలలకూ మధ్య ప్రధానమైన అడ్డు ఈ రాళ్ళ పోగే.

సిమెంటు గోడ అలను ఎదిరిస్తుంది. రాళ్ళకట్ట ఎదిరించదు, ఒప్పుకుని అరిగించుకుంటుంది. అల ఎగబాకినప్పుడు నీరు కొంత రాళ్ళ సందుల్లోకి ఇంకిపోతుంది. మిగిలిన నీటి బలం రాళ్ళను కదిలించడంలోను, ఒకదానికొకటి రాయించడంలోను ఖర్చయిపోతుంది. వెనక్కి పోయే నీరు తగ్గిపోతుంది గనక, ఎగదోసిన రాళ్ళలో కొన్ని పైనే ఉండిపోయి కట్ట నిటారుగా పెరుగుతుంది. మన చెవిని చేరే చప్పుడు ఆ ఖర్చులో లేశమాత్రం. ఇళ్ళమీద పడవలసిన బలం రాళ్ళమీద ఖర్చయిందనడానికి అదొక రసీదులాంటిది.

అయితే ఈ కాపలాకూ ఒక హద్దుంది. 1824 నవంబరు 22-23 తేదీల్లో వచ్చిన మహా తుఫానులో సముద్రం కట్ట దాటింది. చిజ్‌వెల్‌లో ఇళ్ళు కూలి ప్రాణనష్టం జరిగింది. ఫ్లీట్ ఒడ్డునున్న ఈస్ట్ ఫ్లీట్ గ్రామంలో చర్చి కొట్టుకుపోయి, బలిపీఠమున్న భాగం ఒక్కటే నిలిచింది. ఇప్పటికీ అది అట్లాగే ఉంది. 1978 డిసెంబరులోను, 1979 ఫిబ్రవరిలోను నీరు మళ్ళీ చిజ్‌వెల్ వీధుల్లోకి వచ్చింది. ఆ తర్వాత 1980లలో కట్ట నెత్తిమీద తీగెల బుట్టల్లో రాళ్ళు నింపి పేర్చారు, లోపలికి ఇంకే నీరు బయటికి పోవడానికి కాలవ తవ్వారు. 2014 చలికాలపు తుఫానులు మళ్ళీ ఆ కట్టను కోసి, రాళ్ళను చెల్లాచెదరు చేశాయి. హెచ్చరిక సైరను పెట్టుకుని బతికిన ఊరది. యాత్రికులకు సంగీతంలా వినిపించే ఆ గరగర, చలికాలం రాత్రుళ్ళు చిజ్‌వెల్‌లో మంచంమీద పడుకున్నవారికి ఎట్లా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు.

మూలధనం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ రాళ్ళన్నీ ఎక్కడివి?

వీటిలో నూటికి 98 పాళ్ళకు పైగా చెకుముకిరాయి, దాని దగ్గరి బంధువైన చెర్ట్ అనే రాయి. పూర్వం మనవాళ్ళు ఉక్కుముక్కతో కొట్టి నిప్పు రాజేసిన చెకుముకి జాతే. ఆ ప్రాంతపు చెకుముకి సుమారు 7 నుంచి 10 కోట్ల సంవత్సరాల కిందట, సుద్ద పేరుకుంటున్న సముద్రపు అడుగున తయారైంది. సముద్రపు స్పంజికల శరీరాల్లోని సిలికా కరిగి, సుద్ద మధ్య మళ్ళీ గడ్డకట్టి ఈ రాయి అయింది. సుద్ద మెత్తన, అరిగిపోయింది. చెకుముకి గట్టిది, మిగిలిపోయింది.

గత మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా 100 మీటర్లకు పైగా కింద ఉండేది. ఇప్పటి లైమ్ అఖాతం అడుగుభాగం అప్పుడు నేల. దానిమీద విరిగిన రాళ్ళు పరుచుకుని ఉండేవి. మంచు కరిగి సముద్రం పెరుగుతూ వచ్చినకొద్దీ, ఆ రాళ్ళను చీపురుతో ఊడ్చినట్టు ముందుకు నెట్టుకుంటూ వచ్చింది. పడమటి కొండచరియలు విరిగిపడి మరికొన్ని చేరాయి. సుమారు 4, 5 వేల ఏళ్ళ కిందటికి ఆ కట్ట ఇంచుమించు ఇప్పుడున్నచోటికి చేరింది.

ఆ ఊడ్పు అయిపోయింది. అడుగున ఊడ్చవలసిన రాళ్ళు అయిపోయాయి. పడమటినుంచి రావలసిన రాళ్ళకు కొండకొమ్ములూ, రేవు గోడలూ అడ్డున్నాయి. అంచేత చెసిల్‌కు ఇప్పుడు చెప్పుకోదగ్గ కొత్త రాబడి లేదు. ఉన్నదంతా పాత మూలధనమే. దానిలోంచి ఖర్చు మాత్రం రోజూ జరుగుతూనే ఉంది. రాయి రాయికి తగిలిన ప్రతి టక్కులోను రెండిటినుంచీ ఇసుమంత పొడి రాలుతుంది. అట్లా రాలబట్టే అవి నున్నగా గుండ్రబడ్డాయి. వినసొంపైన ఆ చప్పుడు పని చప్పుడే గాక, ఖర్చు చప్పుడు కూడాను. సముద్రం చేసే ఖర్చు మెల్లనిది. వేల ఏళ్ళకు సరిపోతుంది. మనిషి చేసే ఖర్చుకు ఆ ఓపిక లేదు. 20వ శతాబ్దంలో ఆ కట్ట పడమటి భాగంనుంచి వ్యాపారానికి రాళ్ళు తవ్వి తరలించారు. 1980లలో గాని ఆ పని ఆగలేదు.

ఒక్క రాయేగా!

పోర్ట్‌లాండ్ కొసన మావాడు ఒక రాయి తీశాడు. తేనెరంగుది, మధ్యలో తెల్లటి చార. అరచేతిలో అచ్చుగుద్దినట్టు ఇమిడింది. “అమ్మమ్మ పూజగదిలో పెట్టుకుంటుంది మావయ్యా, ఎంత బావుందో చూడండి. ఒక్క రాయేగా!” అన్నాడు. ఒడ్డున బోర్డు ఉంది: రాళ్ళు తీసుకుపోవడం నిషేధం. కాని వాడి ప్రశ్న సహజమైనదే. కోట్లాది రాళ్ళలో ఒక్కటి తీస్తే ఏమవుతుంది?

ఈ ప్రశ్న ఒక పెద్ద రచయితకే ఎదురైంది. ఇయన్ మెకెవాన్ అనే ఆంగ్ల నవలాకారుడు 2007లో ఈ ఒడ్డు పేరుతోనే ‘ఆన్ చెసిల్ బీచ్’ అనే నవల వెలువరించాడు. రాసేటప్పుడు అక్కడి రాళ్ళు కొన్ని తెచ్చి బల్లమీద పెట్టుకున్నానని ఆయన బహిరంగంగా చెప్పాడు. స్థానిక అధికారులు ఊరుకోలేదు. 2,000 పౌన్లదాకా జరిమానా పడవచ్చని హెచ్చరించారు. ఆయన ఆ రాళ్ళు తిరిగి ఇచ్చేశాడు. వినడానికి ఇది చాదస్తంలా ఉంటుంది. కాని ఆ నవల చదివి అక్కడికి వెళ్ళే వేలమంది కూడా ఒక్కొక్కటే తీస్తే? వాళ్ళు భయపడింది ఆయన జేబులోని రాళ్ళకు కాదు, ఆయన వెనక వచ్చే జేబులకు.

ఈ సమస్య చెసిల్‌ది ఒక్కదానిదే కాదు. దక్షిణ కొరియాలో గోజె దీవిమీద హక్‌డాంగ్ అనే చోట నల్లటి గులకరాళ్ళ తీరం ఉంది. పొడుగు కిలోమీటరుకు కాస్త ఎక్కువ. అక్కడ అలలు రాళ్ళను దొర్లించే చప్పుడును ఆ దేశపు పర్యావరణ మంత్రిత్వశాఖ కొరియాలోని 100 అందమైన శబ్దాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. శబ్దాన్ని కూడా దేశసంపదగా లెక్కవేసే ఆ సంస్కారం ముచ్చటైనది. కాని ఆ పేరు విని వచ్చిన జనమే జ్ఞాపకార్థమంటూ ఆ రాళ్ళు పట్టుకుపోవడం మొదలెట్టారు. 2018లో ఒక అమెరికన్ బాలిక, తాను పట్టుకుపోయిన రెండు రాళ్ళను క్షమాపణ ఉత్తరంతో సహా అక్కడి జాతీయవనం కార్యాలయానికి తిరిగి పంపింది. అట్లాంటి రాయి తయారుకావడానికి ఎంతకాలం పడుతుందో తల్లి చెబితే తెలుసుకుందట.

ఒక్క రాయి తీస్తే చప్పుడు తగ్గినట్టు ఎవరి చెవికీ తెలియదు. అది నిజం. వెయ్యి తీసినా తెలియదు. ఎన్నో రాయి దగ్గర తెలుస్తుందో ఎవరూ చెప్పలేరు గనకనే, మొదటి రాయి దగ్గరే ఆగమంటారు. పైగా పోర్ట్‌లాండ్ కొసన తీసిన రాయి ఊరికే రాయి కాదు, చిజ్‌వెల్ గోడలో ఇటుక. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రాయి ఇంటికి వచ్చాక మోగదు. పూజగదిలో పెట్టినా, షోకేసులో పెట్టినా మూగదే. దాని గొంతు దానిలో లేదు. పక్కరాయితో తగలడంలో ఉంది.

ఈ మాటే మావాడితో అన్నాను. వాడు కాసేపు ఆ రాయిని తిప్పి తిప్పి చూసి, ఫోటో తీసుకుని, అల అంచున వదిలేశాడు. వెనక్కి పోయే నీరు దాన్ని లాక్కుంది. మరుక్షణంలో అది ఏదో చెప్పడం కష్టమైంది.

మన ఒడ్డు మాట

ఇదంతా ఎక్కడో ఇంగ్లండులోని రాళ్ళ గొడవ, మనకెందుకని అనుకోవద్దు. మన ఒడ్డున మోగే రాళ్ళు లేకపోవచ్చు. కాని ఒడ్డు అనేది స్థిరాస్తి కాదన్న సత్యం మనకూ వర్తిస్తుంది. ఇసక కూడా తీరం వెంబడి నడుస్తూనే ఉంటుంది. మన తూర్పుతీరంలో ఏడాది మొత్తంమీద ఆ నడక ప్రధానంగా దక్షిణంనుంచి ఉత్తరానికి. 1970లలో విశాఖపట్నంలో ఔటర్ హార్బర్ గోడలు కట్టాక ఆ నడకకు అడ్డు పడింది. గోడ దగ్గర పేరుకున్న ఇసకను పోర్టువారు తవ్వి, రామకృష్ణా బీచివైపు పోయిస్తూ రావలసివచ్చింది. ఒకచోట అడ్డుకున్నది ఇంకోచోట కోత అవుతుంది. చెసిల్‌లో రాబడి ఆగినట్టే ఇక్కడా ఆగింది. కాకపోతే చెసిల్‌లో ఆ లెక్క చెవికి వినపడుతుంది, మన ఇసక నోరు మెదపదు. నోరు మెదపని ఆస్తి తరిగిపోవడం ఇంకా తేలిక.

అందుకని ఈ సంచిక చదివే విద్యార్థి మిత్రులకు ఒక చిన్న మనవి. ఫిజిక్సువారు బుడగల లెక్క చూడండి, జియాలజీవారు చెకుముకి చరిత్ర చదవండి, ఇంగ్లీషు సాహిత్యంవారు ఆర్నాల్డ్ పద్యాన్ని మరోసారి తిరగెయ్యండి. ఎవరి గ్రూపు ఏదైనా, ఈసారి విహారయాత్రకు సముద్రం దగ్గరికి వెళ్ళినప్పుడు కేకలూ కేరింతలూ కాసేపు ఆపి, ఒడ్డున నిలబడి వినండి. వచ్చే అలను అందరూ వింటారు. వెనక్కి పోయే అలను వినండి. అది ఏం పట్టుకుపోతోందో, ఏం వదిలి వెళుతోందో గమనించండి. ఒడ్డు లెక్క అక్కడ ఉంటుంది.